ఆమె లెక్కలో నా జీతం

నలభై ఏళ్లు దాటేవరకూ నేను ఏ ప్రభుత్వానికీ ఆదాయపు పన్ను కట్టి ఎరగను. ఊళ్లో ఉన్నప్పుడు పన్ను కట్టేంత సంపాదన లేదు. దుబాయ్ అవతలి ఫుజైరా వచ్చాక సంపాదన కుదిరింది గానీ, ఇక్కడ జీతం మీద పన్ను అనే మాటే లేదు. నెలాఖరున బ్యాంకులో ఎంత పడితే అంతా మనదే. ఆ ధీమాలోనే ఏళ్లు గడిచిపోయాయి. అందుకే అమెరికా పన్నులాఫీసు నుంచి తన పేరుతోపాటు నా పేరు మీద కూడా ఉత్తరం వచ్చిందని నా భార్య ఫోనులో చెప్పినప్పుడు నాకు ముందు నవ్వొచ్చింది. నేను అమెరికాలో ఉన్నది మూడు వారాలు. ఆ మూడు వారాల్లో నేను సంపాదించింది జలుబు ఒక్కటే.

మాది నరసాపురం వైపు. ఫుజైరాలో నా పని ఓడరేవు పక్కనున్న చమురు ట్యాంకుల యార్డులో. ఓడలకు ఇంధనం ఎక్కించే గొట్టాల దగ్గర ఆపరేటరుగా చేరి, షిఫ్టు సూపర్‌వైజరు దాకా వచ్చాను. పెళ్లయ్యాక నా భార్య కూడా వచ్చి ఇక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేరింది. మాకు ఒక్కతే కూతురు. పాపకు మూడో ఏటి నుంచీ ఉబ్బసం. కొండల్లో రాయి కొట్టే క్వారీలు, ఆ రాయిని మోసుకుని రేవుకు దిగే లారీలు. కిటికీ ఎంత బిగించినా తెల్లారేసరికి గట్టు మీద సన్నటి పొడి పరుచుకుని ఉండేది. గాలి అటునుంచి కొట్టిన రోజు పాప గుండెల్లో పిల్లికూతలు మొదలయ్యేవి.

కరోనా వచ్చిన ఏడాది నా భార్యను ఆ వార్డులో వేశారు. నర్సులందర్నీ ఒక హోటల్లో ఉంచారు. నేనూ పాపా సాయంత్రం కారు పార్కింగులో నిలబడితే ఆమె పై కిటికీలోంచి చెయ్యి ఊపేది. పాప గట్టిగా అరిచి స్కూలు కబుర్లు చెప్పేది, అద్దం వెనక ఆమెకు ఏమీ వినపడదని తెలిసినా. ఆ వార్డులో తనతో పనిచేసిన ఇద్దరు నర్సులు పోయారు. వాళ్ల కుటుంబాలు నెల తిరక్కుండా సామాను సర్దుకుని ఇండియా వెళ్లిపోవాల్సి వచ్చింది. ఇంటికి తిరిగొచ్చిన నా భార్య వెనకటి మనిషి కాదు.

"ఇక్కడ ఎన్నేళ్లు చేసినా మనది వీసా కొసకి కట్టిన బతుకేనండీ," అంది ఒకరోజు అన్నం వడ్డిస్తూ. "పాపకి మాది ఫలానా ఊరు అని చెప్పుకోడానికి ఒకటి ఉండద్దా? ఈ దుమ్ములోనే పెరగాలా అది?"

"అమెరికానా?" అన్నాను. వాళ్ల ఆసుపత్రి నర్సులందరి నోటా అప్పుడు అదే మాట.

"పరీక్ష రాస్తాను. తప్పితే మానేస్తాను."

తప్పలేదు. డ్యూటీ దిగి వచ్చి, వంటింటి గట్టు మీద పుస్తకం పెట్టుకుని, కూర కలుపుతూ చదివి మొదటిసారికే గట్టెక్కింది. నర్సుల్ని అమెరికా పంపే ఏజెన్సీ ఖర్చులకు నా పేరు మీద ఇక్కడి బ్యాంకులో అప్పు తీశాం. కొంత కాలానికి ముగ్గురికీ గ్రీన్ కార్డు వీసాలు వచ్చాయి. చర్చిలో దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పమంటే ఆమె నిలబడి రెండు మాటలు చెప్పి ఏడ్చేసింది. నేను వెనక వరసలో కూర్చుని పాప తల నిమురుతూ ఉండిపోయాను.

సెలవు పెట్టి వాళ్లతో వెళ్లాను. చుట్టూ మొక్కజొన్న చేలు, మధ్యలో చిన్న ఊరు. బట్టలుతికే యంత్రాల దుకాణం మీద రెండు గదులు. ముసలివాళ్లను చూసుకునే ఆసుపత్రి ఒకదాంట్లో ఆమెకు ఉద్యోగం. నేను మూడు వారాలకే తిరిగి రావాలి. అప్పు నా పేరు మీద ఉంది, అది తీర్చకుండా ఫుజైరా వదిలి వెళ్లిపోతే తర్వాత ఎయిర్‌పోర్టులో మొహం చూపించలేం. పైగా ఉద్యోగం మానేస్తే అక్కడికి వెళ్లి నేను చేసేది ఏమిటో అప్పటికి తెలియదు.

"ఏడాది. అప్పు తీరిపోతుంది. వచ్చేస్తాను," అని పాపకు చెప్పాను.

"ప్రామిస్సా డాడీ?"

"ప్రామిస్."

ఫుజైరాలో ఇన్సూరెన్సు కార్డు అంటే కంపెనీ మన చేతిలో పెట్టేది. దాని ధర ఎంతో నేను ఎప్పుడూ అడగలేదు. అక్కడ అలా కాదని వెళ్లిన మూడో నెలలో తెలిసింది. నా భార్యకు పూర్తి గంటల పని ఇస్తామని రాసిచ్చినవాళ్లు, పడకలు ఖాళీ అయ్యాయని చెప్పి, "పిలిచినప్పుడు రా" అనే పద్ధతిలోకి మార్చేశారు. అలాంటివాళ్లకు ఆసుపత్రి ఇన్సూరెన్సు ఇవ్వదు. సొంతంగా కొనుక్కోవాలి. తల్లికీ పిల్లకీ కలిపి నెలనెలా కట్టాల్సింది విని ఆమె కుర్చీలో కూలబడిందట. ఇంటద్దె కంటే ఎక్కువ.

అయితే ప్రభుత్వ సాయం ఒకటి ఉంది. ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకు ప్రీమియంలో చాలా భాగం ప్రభుత్వమే నేరుగా ఇన్సూరెన్సు కంపెనీకి కట్టేస్తుంది. ఈ ఏడాది ఎంత సంపాదిస్తావో నువ్వు ముందే అంచనా చెప్పాలి. ఏడాది అయ్యాక పన్ను లెక్క వేసేటప్పుడు అసలు ఆదాయం చూస్తారు. అంచనా కంటే ఎక్కువ వచ్చి ఉంటే, ఎక్కువ తీసుకున్న సాయం వెనక్కి కట్టాలి. ఇప్పుడు ఇంత తేలిగ్గా చెబుతున్నాను గానీ ఆ చివరి వాక్యం మాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు, లేదా చెప్పినా ఆ ఇంగ్లీషులో మాకు అందలేదు.

దరఖాస్తు పెట్టించే ఆవిడ ఫోనులో అడిగిన ప్రశ్నలన్నీ నా భార్య ఆ పూటే నాకు చెప్పింది.

"ఇంట్లో వాళ్ల ఆదాయం అడిగిందండీ. మా ఆయన దుబాయ్‌లో ఉన్నారని చెప్పాను. ఇక్కడ ఏమైనా సంపాదిస్తున్నారా అంది. ఇక్కడ లేదన్నాను. అయితే మీదొక్కటే రాద్దాం అంది. సరేనా?"

"ఆవిడకి తెలీకుండా ఉంటుందా," అన్నాను.

ఆ కార్డు వచ్చాక పాప పరిస్థితి మారిపోయింది. డాక్టరు కొత్త రకం మందు పీల్చడానికి ఇచ్చింది, నెలకొకసారి చూసింది. ఒకరోజు నా భార్య వీడియో పంపింది. స్కూలు మైదానంలో పాప పరుగెడుతోంది. మిగతా పిల్లల వెనకే ఉంది, కానీ ఆగలేదు, గుండె పట్టుకుని కూర్చోలేదు. ట్యాంకు మీది మెట్లెక్కుతూ ఆ వీడియో చూశాను. కిందికి దిగాక కొత్తగా చేరిన కుర్రాళ్లందరికీ చూపించాను. ఇంతటి సాయం చేసిన దేశం చల్లగా ఉండాలి అనుకున్నాను, మనస్ఫూర్తిగా.

ఆ ఏడాదే ఇక్కడ మా యార్డు కాంట్రాక్టు చేతులు మారింది. ముదీర్, అంటే మా మేనేజరు, అందర్నీ షెడ్డులోకి పిలిచి, "పురానీ కంపెనీ ఖలాస్. జిస్ కో నయీ కంపెనీ మే ఆనా హై, సైన్ కరో," అన్నాడు. పాత కంపెనీ ఇన్నేళ్ల సర్వీసు డబ్బు ఒక్కసారిగా లెక్క కట్టి ఇచ్చేసింది. కొత్త కంపెనీ అదే పనికి జీతం బాగా తగ్గించి రాసింది. సంతకం పెట్టక చేసేదేముంది? సర్వీసు డబ్బంతా బ్యాంకుకు జమ చేసి అప్పు తీర్చేశాను. అది నా ఖాతాలో ఒక వారం కూడా నిలవలేదు. ఫ్లాటు ఖాళీ చేసి, జగిత్యాల నుంచి వచ్చిన ఒక ట్యాంకరు డ్రైవరు గదిలో చేరాను. టికెట్టుకూ అక్కడ కొన్నాళ్లు బతకడానికీ కాస్త కూడబెట్టుకుని వెళ్లిపోదామని నా ఆలోచన. నా జీవితంలో చేతిలో ఏమీ లేకుండా గడిపిన ఏడాది అది. కాగితం మీద మాత్రం నేను అంతకుముందు ఎన్నడూ అంత సంపాదించలేదు.

పన్నుల కాలం వచ్చింది. నా భార్యకు ఎవరో అక్కడి తెలుగాయన నంబరు ఇచ్చారు, ఆన్‌లైన్లో పన్ను లెక్కలు వేసి పంపుతాడని. ఆయన నాతో కూడా మాట్లాడాడు.

"సార్, మీకు గ్రీన్ కార్డు ఉంది కాబట్టి మీ దుబాయ్ సంపాదన కూడా చూపించాలండి. భయపడకండి. బయటి దేశంలో సంపాదించినదానికి మినహాయింపు ఉంది. ఇద్దరిదీ కలిపి వేసేద్దాం. ఒక్క డాలరు పన్ను పడదు."

జీతం స్లిప్పులూ, సర్వీసు డబ్బు కాగితమూ అన్నీ పంపాను. ఒక్కటి కూడా దాచలేదు. దాచాలని తోచనైనా తోచలేదు. నిజంగానే పన్ను పడలేదు. పైగా కొంత వెనక్కి వస్తుందని చెప్పాడు. నా భార్య ఆ రోజు చాలా కాలం తర్వాత తేలిగ్గా నవ్వింది. వచ్చేదాంతో పాపకు మంచి చలికోటు కొంటానంది. ఇన్సూరెన్సు సంగతి ఆయన అడగలేదు, అది పన్ను లెక్కలో వస్తుందని మాకు తెలియదు.

ఆ డబ్బు రాలేదు. వేసవిలో ఉత్తరం వచ్చింది. అందులో ఏముందో కనుక్కుని ఆమె మళ్లీ ఫోను చేసినప్పుడు నేను షిఫ్టు దిగి కంపెనీ బస్సులో ఉన్నాను. బయట ఎండకు రోడ్డు మెరుస్తోంది.

"ఇన్సూరెన్సు సాయం తీసుకున్నారు, దాని లెక్క జత చేయలేదు, పంపండి అని రాశారండీ. ఆ తెలుగాయన చేతే వేయించాను." ఆమె గొంతు మామూలుగానే ఉంది. వార్డులో రోగి బంధువులతో మాట్లాడేటప్పుడు అలాగే మాట్లాడుతుంది. "అంతా వెనక్కి కట్టాలట."

"అంతా అంటే?"

"అంతా అంటే అంతా. ఏడాది పొడుగునా వాళ్లు మన తరపున కట్టినదంతా. అసలు ఆ సాయానికి మనం అర్హులమే కాదట."

"ఎలా కాదు? నీకు వారంలో సగం రోజులు పనే లేదు కదా?"

"నా జీతం కాదండీ. మీ జీతం. మీ సర్వీసు డబ్బు."

"దానికి పన్ను లేదన్నాడుగా!"

"పన్ను లేదు. కానీ ఈ సాయం లెక్కలో మాత్రం అది కలుస్తుందట. మొగుడూ పెళ్లాం ఇద్దరిదీ కలిపి చూస్తారట, ఎక్కడ సంపాదించినా." కాగితం మడిచిన చప్పుడు వినపడింది. "ఆ డబ్బులో ఒక్క పైసా నాకు చేరలేదు. బియ్యానికీ రాలేదు, అద్దెకీ రాలేదు. అయినా నా లెక్కలో రాశారండీ."

నింద వేసినట్టు అనలేదు. నేనే నిందలా తీసుకున్నాను. "నేనేమైనా తాగి తగలేశానా? అప్పు ఎవరి కోసం తీర్చాను?" అని బస్సులో అందరూ తిరిగి చూసేలా అరిచాను. ఆమె ఫోను పెట్టేయలేదు. నేను అరవడం ఆపేదాకా ఆగి, "పాప స్కూలు నుంచి వచ్చే టైమైంది," అని అప్పుడు పెట్టేసింది.

గదికొచ్చి డ్రైవరుకు చెప్పాను. అతనికి నాలుగుసార్లు చెబితే గానీ అర్థం కాలేదు.

"గట్లెట్లయితదన్నా? నీ పైసలు ఈడ. ఆమె పైసలు ఆడ. నడుమ సముద్రమాయె. ఎట్ల కలుపుతరు?"

"కలిపారు."

"నాకెర్కైన సారొకాయన దుబాయ్ల అల్ కుసైస్ల ఉంటడు. అమెరికావోళ్ల టాక్సులు ఆయననే జేస్తడు. పోయి అడుగన్నా, ఏదన్న తొవ్వ సూపిస్తడు."

సెలవు రోజున బస్సెక్కి దుబాయ్ వెళ్లాను. కిరాణా దుకాణం మీద చిన్న గది, రెండు కంప్యూటర్లు. ఆయన గుంటూరు వైపు మనిషి, నాకంటే పెద్దవాడు. నా ఫోనులోని కాగితాలన్నీ ఓపిగ్గా చూశాడు. మధ్యలో కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. నాకేదో ఆశ పుట్టింది. అంతసేపు చూస్తున్నాడంటే ఏదో ఒకటి దొరుకుతుందని.

"లెక్క తప్పేం కాదండీ," అన్నాడు చివరికి. "వాళ్లు అడిగింది సరిగ్గానే ఉంది."

"కానీ సార్, ఆ సంవత్సరం మా దగ్గర ఏమీ లేదండి. అంతా బ్యాంకుకే పోయింది."

"మీరు దేనికి ఖర్చు పెట్టారో వాళ్లు చూడరు. ఎంత వచ్చిందన్నదే చూస్తారు. సర్వీసు డబ్బు ఆ ఒక్క ఏడాదిలో పడింది చూశారూ, అదే ముంచింది. ఇంకో ఏడాది పడుంటే కొంతైనా సాయం నిలిచేది." ఆయన కాస్త ఇబ్బందిగా కదిలాడు. "ఇంకోటి. చెప్పాలో వద్దో. మీరు ఇద్దరూ పన్ను లెక్క విడివిడిగా వేసుంటే ఇంత పడేది కాదు. ఆవిడది చిన్న ఆదాయం. అలాంటివాళ్లు వెనక్కి కట్టాల్సినది ఇంతకు మించకూడదని ఒక హద్దు ఉంది."

నేను కుర్చీ అంచుకి జరిగాను. "అయితే విడగొట్టండి సార్. ఇప్పుడే విడగొట్టండి. మీ ఫీజు ఎంతైనా ఇస్తాను."

"గడువు లోపల అయితే విడగొట్టొచ్చండి. గడువు దాటిపోయింది. దాటాక కలిపినది కలిపినట్టే ఉంటుంది."

"ఎవరికైనా ఉత్తరం రాస్తే?"

"రాయొచ్చు. రాసిస్తాను కూడా. కానీ మీకు అబద్ధపు ఆశ పెట్టలేను."

ఉత్తరం రాసిచ్చాడు. ఫీజు తీసుకోలేదు, టీ తెప్పించాడు. మెట్లు దిగి రోడ్డు మీదికొచ్చాక ఎటు వెళ్లాలో తోచక, బస్టాపు ఎదురుగా ఉన్నా దాటి చాలా దూరం నడిచాను. కొన్ని నెలలకు ఆ ఉత్తరానికి జవాబు వచ్చింది. కాదని.

కొత్త కంపెనీలో అడ్వాన్సు అడిగాను. ముదీర్ చెడ్డవాడు కాదు. పాత కంపెనీలో ఉన్నప్పుడు నా పెళ్లిరోజుకి కేకు కూడా కోయించాడు. కానీ ఇప్పుడు రెండు చేతులూ తిప్పి, "అడ్వాన్స్ మాఫీ, భాయ్. నయా సిస్టమ్," అన్నాడు. మాఫీ అంటే ఇక్కడ క్షమించడం కాదు, లేదు అని. నా భార్య పన్నులాఫీసుకు ఫోను చేసి, గంటలకొద్దీ ఫోనులో వాళ్లు వేసే పాట వింటూ ఆగి, నెలనెలా వాయిదాల్లో కట్టేలా ఒప్పించింది. వాయిదా మీద వడ్డీ ఉంటుంది. నేను ఇక్కడి ఎక్స్ఛేంజి నుంచి పంపుతాను, ఆమె అక్కడి ఖాతా నుంచి కడుతుంది. అలా నా జీతం మొదటిసారి నిజంగానే ఆమె లెక్కలోకి వెళ్లింది. టికెట్టు కోసం దాస్తున్నది అందులోకే పోయింది.

ఆ చలికాలం ముందు ఆమె ఇన్సూరెన్సు మానేసింది. నాకు మానేశాకే చెప్పింది.

"పాపకి ఎలా?" అన్నాను.

"మళ్లీ అంచనా రాయమంటున్నారండీ. మీ ఓవర్‌టైము ఎంతొస్తుందో నాకు ముందే ఎలా తెలుస్తుంది? మీ కంపెనీ ఉంటుందో ఊడుతుందో ఎలా తెలుస్తుంది? నన్ను వచ్చే వారం ఎన్ని రోజులు పిలుస్తారో అదే నాకు తెలీదు. మళ్లీ అలాంటి ఉత్తరం వస్తే నేను తట్టుకోలేను."

ఆమెకు సర్దిచెప్పాలని చూశాను. ఈసారి నా జీతం తక్కువ, ఈసారి సరిగ్గా రాద్దాం, కొంచెమైనా సాయం దొరుకుతుందేమో అన్నాను. నేను చెప్పేది నాకే గట్టిగా వినపడలేదు. పాప పీల్చే మందు ఇక్కడి మందుల దుకాణంలో కొని, ఇక్కడి నుంచి అమెరికా వెళ్లే నర్సులెవరైనా ఉంటే వాళ్ల చేత పంపేవాణ్ణి. ఒకావిడ సామాను ఎక్కువైందని ఎయిర్‌పోర్టులో ఆ పొట్లం తీసేసిందట. తర్వాత ఫోను చేసి క్షమించమంది. ఏమనగలను? పరవాలేదమ్మా అన్నాను.

మందు అయిపోవచ్చినప్పుడు నా భార్య దాన్ని ఒక పూటే పీల్పించేది. నర్సు ఆమె. అలా చేస్తే ఏమవుతుందో ఆమెకు తెలియనిది కాదు.

మంచు బాగా పడిన రోజుల్లో పాపకు ఊపిరి అందలేదు. అంబులెన్సుకు అయ్యే ఖర్చుకు భయపడి, పక్క గది ఆవిడ కారు అడిగి తనే నడుపుకుంటూ ఆసుపత్రికి తీసుకెళ్లింది. పాప బతికింది. నాలుగు రోజులు ఆక్సిజన్ మీద ఉంచారు. వీడియోలో నాకు కనిపించినప్పుడు మొహానికి మాస్కుతోనే చెయ్యి ఊపింది. ఆ ఆసుపత్రి బిల్లు గురించి ఇక్కడ రాయను. వాళ్లు దయతలిచి కొంత తగ్గించారు. తగ్గించాక కూడా అది మా శక్తికి మించిందే.

అప్పటికి నేను అమెరికా బయట ఏడాది దాటి ఉండిపోయాను. అంతకాలం రాకపోతే ఆ గ్రీన్ కార్డు మీద రానివ్వరని అల్ కుసైస్ ఆయనే చెప్పాడు. వేరే అర్జీ పెట్టుకోవచ్చు, కానీ ఎందుకు రాలేకపోయావని అడుగుతారు. డబ్బు లేక అన్నది వాళ్లకు కారణంలా కనపడదు.

"మీరు రాలేరు," అంది నా భార్య. "నేను ఉండలేను."

అంతే. వచ్చేటప్పుడు సామానంతా అక్కడి చర్చికి ఇచ్చేసింది. దుబాయ్ ఎయిర్‌పోర్టులో పాపను చూసి గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది. నా భుజం దాకా వచ్చింది. ఏదో ఇంగ్లీషులో అని, మళ్లీ సర్దుకుని, "బాగున్నావా డాడీ?" అంది. ఏడాదిలో వస్తానన్న ప్రామిస్ గురించి అడుగుతుందేమోనని దారంతా భయపడ్డాను. అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని తర్వాత అనిపించింది.

ఇప్పుడు ముగ్గురం ఫుజైరాలో పాత బిల్డింగులో ఒక్క గది ఇంట్లో ఉంటున్నాం. కొత్త కంపెనీ ఇన్సూరెన్సు నాకొక్కడికే. వాళ్లిద్దరికీ నేనే కొన్నాను. పాపకు ముందునుంచీ ఉన్న జబ్బు కాబట్టి మొదటి నెలల్లో దానికి వర్తించదన్నారు. ఆ నెలల్లోనే పాపకు రెండుసార్లు ఉబ్బసం ఎక్కువైంది. క్వారీ లారీలు వెనకటికంటే పెరిగాయి. పాప స్కూల్లో ఆటల పీరియడులో ఇప్పుడు లైబ్రరీలో కూర్చుంటుంది. నా భార్యకు ఇక్కడి నర్సు లైసెన్సు గడువు తీరిపోయింది. అది మళ్లీ తెచ్చుకోవాలంటే కాగితాలు, పరీక్ష, ఫీజులు. అది తేలేవరకూ దిబ్బా అనే ఊరి వైపు ఒక అరబ్బుల ఇంట్లో మంచాన పడ్డ ముసలమ్మను చూసుకుంటోంది. వారానికి ఒక రోజు ఇంటికి వస్తుంది. ఆ ముసలమ్మ ఆమెను కూతురా అని పిలుస్తుందట. నా భార్య ఆ మాట చెబుతూ నవ్వబోయి నవ్వలేకపోయింది.

అమెరికా వాయిదా ఇంకా కడుతూనే ఉన్నాం. ఒక సాయంత్రం డ్రైవరు మమ్మల్ని చూడటానికి వచ్చి, ఆ మాట విని తల కొట్టుకున్నాడు.

"ఇంక గూడ కడుతున్నరా? ఇడ్సిపెట్టన్నా. దేశమే ఇడ్సిపెట్టి వస్తిరి. ఎవ్వడొస్తడు ఫుజైరా దాంక మిమ్ముల అడగనీకి?"

నిజానికి నా మనసులో ఉన్నదీ అదే. ఎవరూ రారు. కట్టకపోతే మా తలుపు తట్టేవాళ్లు లేరు. ఆ డబ్బుతో పాప మందు ఆగకుండా కొనొచ్చు, నా భార్య లైసెన్సు ఫీజు కట్టొచ్చు. నేను నా భార్య వైపు చూశాను.

"లేదు తమ్ముడూ," అంది అతనికి టీ గ్లాసు అందిస్తూ. "ఆ డబ్బుతో పాప ఒక ఏడాది ఊపిరి పీల్చింది. దొంగ సొమ్ము కాకూడదది."

"దొంగ సొమ్మెట్లయితది అక్కా? వాళ్లిచ్చిందే గదా!"

అతను వెళ్లిపోయాక నేను మెల్లగా, "వాడన్నదాంట్లో తప్పేముంది?" అన్నాను.

"మీకు ఇష్టం లేకపోతే పంపకండి. నా జీతంలోంచి కడతాను."

"నీ జీతం ఏది నా జీతం ఏది ఇప్పుడు?"

ఆ మాట నేను మామూలుగానే అన్నాను. అన్నాక ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం. మర్నాడు ఎక్స్ఛేంజికి వెళ్లి పంపేశాను. వడ్డీ కలుస్తూ ఉండటం వల్ల ఎంత కట్టినా అసలు కరిగినట్టు కనపడదు. ఎప్పటికి తీరుతుందో లెక్క వేయడం మానేశాను.

పోయిన నెల ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో కొత్తగా వచ్చిన నర్సు పిల్లలు నలుగురైదుగురు నా భార్య చుట్టూ చేరారు. భీమవరం, పాలకొల్లు వైపు పిల్లలు. ఆమె అమెరికా వెళ్లొచ్చిందని ఎవరో చెప్పారట. పరీక్ష ఎలా ఉంటుందక్కా, ఏ పుస్తకాలు చదివావక్కా, చలికి ఎలా ఉన్నావక్కా అని ఒకటే ప్రశ్నలు. ఆమె అన్నిటికీ ఓపిగ్గా చెప్పింది. పుస్తకాల పేర్లు రాసిచ్చింది. వాళ్లలో ఒక పిల్లకు ఈ మధ్యే పెళ్లయింది, భర్త అబుదాబి అవతల మఫ్రఖ్‌లో పనిచేస్తాడు.

"మా ఆయన్ని ఇక్కడే ఉంచి నేను ముందు వెళ్దామనుకుంటున్నానక్కా. పరవాలేదంటావా?"

నా భార్య ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"వెళ్లు. కానీ ఆయనకి ఇక్కడ వచ్చేది ప్రతి పైసా అక్కడ ముందే చెప్పు. ఎవరూ అడక్కపోయినా చెప్పు."

పిల్లలందరూ గొల్లున నవ్వారు. మొగుడి జేబు మీద కన్నేసి ఉంచమంటోందని అనుకున్నారు కాబోలు. ఆ కొత్త పెళ్లికూతురు సిగ్గుపడి, "అలాగేనక్కా, ఒక్కటీ దాచనివ్వను," అంది. నా భార్య విడమరిచి చెప్పడానికి నోరు తెరిచింది. ఇంతలో వాళ్ల ఆసుపత్రి బస్సు హారన్ కొట్టింది. వాళ్లు పరుగెత్తుకుంటూ వెళ్లిపోయారు.

పాప నీడలో బెంచీ మీద కూర్చుని ఉంది. గాలి కొండల వైపు నుంచి వీస్తోంది. నా భార్య దాని పక్కన కూర్చుని, వీపు మీద చెవి ఆనించి వింది. నేను టాక్సీ కోసం రోడ్డు మీదికి నడిచాను.